రైతు బిడ్డనన్నాడు సరే, కాయ ఎక్కడ దాచమంటాడు?

పోయిన నెల గుంటూరు లాడ్జి సెంటర్లో ఆటో కోసం నిలబడితే నెత్తి మీద ఒక ఫ్లెక్సీ కనపడింది. ఒకాయన తలకు తువ్వాలు చుట్టుకుని, భుజాన నాగలి పెట్టుకుని నవ్వుతున్నాడు. వెనక ఎక్కడిదో పచ్చటి వరిచేను. కింద బారెడు అక్షరాలతో 'రైతు బిడ్డ'. ఆటో ఎంతకీ రాలేదు కాబట్టి బొమ్మను తీరిగ్గా చూశాను. నాగలికి కర్రు లేదు. వార్నిష్ మాత్రం బాగా కొట్టారు.

ఏ పార్టీ అని అడక్కండి. ఈ బొమ్మ అందరికీ ఒకటే, ముఖం మారుస్తారంతే. మన గుంటూరు, బెజవాడల్లో రైతు బిడ్డ కాని నాయకుణ్ణి వెతికి పట్టుకోవడం కష్టం. ఆ లెక్కన నేనూ రైతు బిడ్డనే. మాది ప్రత్తిపాడు వైపు పల్లె. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా పంట అప్పులు ఇవ్వడం, మళ్ళీ వాటిని వసూలు చెయ్యడమే పని. కాబట్టి ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒక రకమైన చిరాకు. ఆ చిరాకు న్యాయమైనదేనా కాదా అని ఈ మధ్య ఆలోచిస్తున్నాను. ఆలోచించేలా చేసినవాడు మన వైపు మనిషి కూడా కాదు. అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్.

హిరోషిమా మీద బాంబు వేయించింది ఆయనేనని అందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన పదకొండేళ్ళు సేద్యం చేశాడని, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల దగ్గర కెప్టెనుగా ఉన్నాడని నాకు అరవై దాటేదాకా తెలీదు.

షాపింగ్ సెంటర్ పక్కన ఐదెకరాలు

2024లో మా అమ్మాయి కాన్పుకి వెళ్ళి ఆర్నెల్లు అమెరికాలో ఉన్నాం. కాన్సాస్ సిటీ పక్కన ఓవర్లాండ్ పార్కు. వెళ్ళొచ్చిన వాళ్ళకి ఆ ఆర్నెల్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. మనవరాలు నిద్రపోతే మాకు పనుండదు, లేస్తే మాకు ఊపిరాడదు. ఒక ఆదివారం అల్లుడు జాలిపడి, "మామయ్యగారూ, మీకు పొలం చూపిస్తా రండి," అని కారెక్కించాడు. అరగంట లోపే గ్రాండ్‌వ్యూ అనే ఊరు. మిస్సోరీ రాష్ట్రం.

పొలం ఎక్కడా అని చూస్తే పెద్ద షాపింగ్ సెంటర్, ఎకరాల కొద్దీ పార్కింగ్. ఆ పక్కన తెల్లటి చెక్క ఇల్లు, నాలుగు చెట్లు, చుట్టూ గడ్డి. ట్రూమన్ సేద్యం చేసిన సుమారు ఆరువందల ఎకరాల్లో ఇల్లూ దాని చుట్టూ ఓ ఐదెకరాలూ స్మారకంగా మిగిలాయి. షాపింగ్ సెంటర్ పేరు 'ట్రూమన్ కార్నర్స్'. పదవి దిగాక 1950ల్లో కుటుంబమే పొలం అమ్మింది. గోరంట్ల, నల్లపాడు వైపు పొలాలు ప్లాట్లుగా మారడం కళ్ళారా చూసినవాణ్ణి కదా, నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఇంత దూరం వచ్చి మళ్ళీ రియల్ ఎస్టేటే చూస్తున్నానా అని నవ్వొచ్చింది.

ఆరువందల ఎకరాలంటే మన లెక్కలో జమీందారు. అక్కడ కాదు. వాన మీద ఆధారపడ్డ మొక్కజొన్న, గోధుమ, ఓట్స్, పశువుల మేత, పందులు. పని ఎక్కువ ఇంటివాళ్ళే చేసుకోవాలి. 1906లో, ఇరవై రెండేళ్ళ వయసులో, కాన్సాస్ సిటీలో బ్యాంకు గుమాస్తా ఉద్యోగం వదిలి ఆ పొలానికొచ్చాడు ట్రూమన్. బ్యాంకు వదిలి పొలానికి! మా ఊళ్ళో ఎవరైనా ఆ పని చేసి ఉంటే పెళ్ళి సంబంధాలు ఆగిపోయేవి. నిజానికి ఆయనకీ ఆగింది. 1911లో తను ఇష్టపడ్డ బెస్‌కి ఉత్తరం రాసి పెళ్ళాడమని అడిగితే ఆవిడ కాదంది. మళ్ళీ కుదిరి పెళ్ళయ్యేసరికి 1919.

ఆ పదకొండేళ్ళ కథ చదివితే ఇది మన కొత్తపేటలో ఏ వకీలు గుమాస్తానడిగినా చెప్పే కథలాగే ఉంటుంది. తండ్రి 1901లో ధాన్యం ధరల మీద వాయిదా వ్యాపారం చేసి ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. పొలం అమ్మమ్మది. ఆవిడ 1909లో పోతూ దాన్ని ట్రూమన్ తల్లికి, మేనమామకి రాసింది. మిగతా పిల్లలు కోర్టుకెక్కారు. ఏళ్ళ తరబడి వ్యాజ్యం, వకీళ్ళ ఫీజులు, తాకట్లు. ఒక దూడ మీదపడి ట్రూమన్ కాలు విరిగింది. 1914లో తండ్రి పోయాడు. సీసం, జింకు గని అని కొంత పెట్టాడు, పోయింది. చమురు బావి అన్నాడు, అదీ పోయింది. సేద్యం గిట్టని వాడు సేద్యం పక్కన ఇంకేదో పట్టుకుని వేలాడటం మనకు కొత్తా? మన వైపైతే అది చిట్టీల కంపెనీ, ఎమ్మెల్సీ ఎన్నిక, లేకపోతే రొయ్యల చెరువు.

కొడుకు సాలు గీత గీసినట్టు తిన్నగా తోలేవాడని ట్రూమన్ తల్లి చెప్పుకునేదట. నాకు ఆ తిన్నటి సాలు కంటే ఆ తర్వాత జరిగింది ముఖ్యంగా కనపడుతుంది. 1940లో, ఆయన అప్పటికే సెనేటర్, రెండోసారి ఎన్నికల్లో నిలబడ్డాడు. సరిగ్గా ఆ ఏడే అప్పు కట్టలేక ఆ పొలం జప్తయింది. ఎనభై ఏడేళ్ళ తల్లిని ఆ ఇంట్లోంచి దించి ఊళ్ళో చిన్న ఇంటికి మార్చారు. అలవాటు లేని మెట్ల మీద ఆవిడ పడి తుంటి విరిగింది. తర్వాత మిత్రుల చేతుల మీదుగా పొలంలో కొంత భాగం తిరిగి కుటుంబానికొచ్చింది.

ఆ గడ్డి మీద నిలబడి ఈ సంగతి చదువుతుంటే నాకు ఒక టేబులు గుర్తొచ్చింది. బ్యాంకులో నా టేబులు. జప్తు నోటీసులు నేనూ సంతకం పెట్టాను.

నా సంతకం ఉన్న కాగితం

మిర్చి గురించి తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను, తెలిసిన వాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. కాయ కోసి కల్లంలో ఆరబెట్టి, తాలు ఏరి, బస్తాలకెత్తి (వాటినే టిక్కీలంటాం) కుట్టి మిర్చి యార్డుకు తెస్తాం. ఆ రోజు ధర నచ్చకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు, అంటే సరుకు పెట్టినట్టు రసీదు, తీసుకుంటాం. ఆ బాండు తాకట్టు పెట్టుకుని బ్యాంకు అప్పిస్తుంది. ధర పెరిగితే రైతు అమ్మి అప్పు తీరుస్తాడు. పెరక్కపోతే?

ఒక ఏడాది పెరగలేదు. పడింది. బాండ్ల మీద మేమిచ్చిన అప్పు కంటే లోపలున్న కాయ విలువ తగ్గిపోయింది. పై ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు. మొత్తం పదిహేడు నోటీసులు పంపాం. ఒకాయన నోటీసు పట్టుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "అప్పిచ్చే రోజు కాయ ఎర్రగా ఉందన్నారు సార్, ఇప్పుడేమన్నా రంగు మారిందా?" అనడిగాడు. నేను రూలు చెప్పాను. ఆయన విన్నాడు. ఆ సరుకు వేలంలో ఎంతకు పోయిందో నాకు గుర్తుంది కానీ ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

కాబట్టి పండించడం తెలిసినవాడు రైతు కష్టం అర్థం చేసుకుంటాడు అన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. పండించడం మన వాళ్ళకి వచ్చు. మన లాం పరిశోధనా ఫాంలో తీసిన 334 మిర్చి రకం దేశమంతా తిరిగింది. దెబ్బ తగిలేది పంట చేతికొచ్చిన రోజు. ఆ రోజు రైతు చేతులు కట్టేసేది దాచుకునే చోటు లేకపోవడం. రైతు బిడ్డనని చెప్పుకునేవాడికి ఆ ఒక్క రోజు గురించి ఏం తెలుసో అడగాలి. నా వాదన ఇంతే. అయితే దీనికి ట్రూమన్ సాక్ష్యంగా పనికొస్తాడా లేదా అన్నది అంత సులువుగా తేలలేదు.

మా బాబాయి, ఆ కెప్టెను

మా ఇంట్లోనే ఒక ట్రూమన్ ఉన్నాడు, చిన్న సైజు. నాన్నకు తమ్ముడు. చైనా యుద్ధం తర్వాత సైన్యంలోకి బాగా తీసుకుంటున్న రోజుల్లో, 1963లో, పొలం మీద అలిగి గుంటూరొచ్చి చేరిపోయాడు. ఫిరంగి దళం. 1971లో పంజాబు సరిహద్దులో ఉన్నాడు. పదిహేనేళ్ళు చేసి హవల్దారుగా దిగి మళ్ళీ ఊరొచ్చి అరక పట్టాడు. 1981 పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్ అయ్యాడు. ఇప్పటికీ ఊళ్ళో ఆయన 'హవల్దారుగారే'.

ట్రూమన్‌కి యుద్ధానికి వెళ్ళాల్సిన పని లేదు. 1917లో ఆయనకు ముప్పై మూడేళ్ళు, నిర్బంధ సైన్య వయసు దాటింది. సేద్యం చేస్తున్నాడు, తల్లీ చెల్లెలూ ఆయన మీదే ఆధారపడ్డారు, కళ్ళద్దాలు లేకపోతే ఎదుటి మనిషి కనపడడు. 1905లో రాష్ట్ర సైనిక దళంలో చేరినప్పుడు కంటి పరీక్ష పలకను బట్టీపట్టి గట్టెక్కాడంటారు. అయినా వెళ్ళాడు. 1918 జూలైలో ఫ్రాన్సులో ఆయనకు డి బ్యాటరీ అనే ఫిరంగి దళాన్ని అప్పగించారు. దాదాపు రెండువందల మంది, ఎక్కువగా కాన్సాస్ సిటీ ఐరిష్ కుర్రాళ్ళు, అంతకు ముందు అధికారుల్ని హడలగొట్టిన బాపతు. నాలుగు ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగులు.

ఆగస్టు 29 రాత్రి వోజ్ కొండల్లో జర్మన్లు ఎదురు గుళ్ళు కురిపిస్తే సార్జెంటు పారిపొమ్మని అరిచాడు, చాలామంది పరిగెత్తారు. ట్రూమన్ గుర్రం గోతిలో పడి ఆయన మీద పడింది. బయటికి లాగాక లేచి నిలబడి, ఆయన నోట అంతవరకు ఎవరూ వినని తిట్లు తిట్టాడట. కుర్రాళ్ళు వెనక్కొచ్చారు. సెప్టెంబరు 26న మొదలైన మ్యూజ్-ఆర్గోన్ దాడిలో పక్క డివిజను మీద గురిపెడుతున్న జర్మను ఫిరంగుల్ని, తన హద్దు కాకపోయినా, కాల్చాడు. పై అధికారి కోర్ట్ మార్షల్ చేస్తానని బెదిరించాడు, చెయ్యలేదు. యుద్ధం అయ్యాక ఆ బ్యాటరీ వాళ్ళు బతికున్నంత కాలం ఆయన్ని కెప్టెన్ హ్యారీ అనే పిలిచారు. 1922 ఎన్నికల్లో వాళ్ళే వెంట తిరిగారు.

ఈ తిట్ల సంగతి బాబాయికి చెప్తే తెగ నవ్వాడు. "తిట్టకపోతే గన్ను దగ్గర పని జరగదబ్బాయ్," అన్నాడు. యుద్ధం గురించి బాబాయి నోరు విప్పడం అరుదు. ఒకసారి మాత్రం, ఏదో పెళ్ళిలో భోజనాలయ్యాక, తమలపాకు ఈనె తీస్తూ ఒక మాట అన్నాడు. ఫిరంగి దగ్గర ఉన్నవాడికి తన గన్ను మీదున్న మనుషులే లోకమట. గుండు ఎక్కడ పడిందో, ఎవరి మీద పడిందో కనపడదు. వైర్లెస్‌లో అంకెలు వస్తాయి, అంకెలు సరిచేసుకుని మళ్ళీ కాలుస్తారు. "మనకు అంకెలే కనపడతాయి" అని లేచి చెయ్యి కడుక్కోడానికి వెళ్ళాడు.

కల్లం ఎవరి పొలం పక్కన?

ఇంతవరకు చదివితే ట్రూమన్ మీద నాకు మురిపెం ఎక్కువైందని మీకు అనిపించొచ్చు. ఆగండి.

యుద్ధం నుంచొచ్చి పశువులూ పనిముట్లూ అమ్మి, సైన్యంలో స్నేహితుడు జేకబ్సన్‌తో కలిసి కాన్సాస్ సిటీలో మగవాళ్ళ బట్టల కొట్టు పెట్టాడు. ధాన్యం ధరలు పడి, కొనేవాళ్ళు లేక 1922లో మూతపడింది. ఐపీ పెట్టకుండా ఏళ్ళ తరబడి అప్పులు తీర్చాడని ఆయన అభిమానులు గర్వంగా చెప్తారు. నిజమే. కానీ బ్యాంకువాడి కళ్ళతో చూస్తే ఇంకో ముక్క కూడా ఉంది. అప్పిచ్చిన ఒక బ్యాంకు తర్వాత తనే మూతపడి, ఆస్తులు అమ్ముకుంటుంటే, ట్రూమన్ బాకీ కాగితాన్ని ఆయన తమ్ముడు చాలా తక్కువకు కొన్నాడు. మా భాషలో దాన్ని వన్ టైమ్ సెటిల్‌మెంట్ అంటాం. తప్పని అనను. పైసాతో సహా కట్టాడని మాత్రం రాయొద్దు.

రాజకీయాల్లోకి తీసుకొచ్చింది కాన్సాస్ సిటీని గుప్పిట్లో పెట్టుకున్న టామ్ పెండర్‌గాస్ట్ ముఠా. ఆ కుటుంబంలో కుర్రాడొకడు ట్రూమన్‌తో పాటు సైన్యంలో ఉన్నాడు, పరిచయం అలా. 1922లో కౌంటీ జడ్జిగా గెలిచాడు. అది మన జిల్లా పరిషత్ పదవి లాంటిది, తీర్పులు చెప్పే పని కాదు. రోడ్లు బాగా వేయించాడు, కాంట్రాక్టులు ముఠా వాళ్ళకు కట్టబెట్టలేదు. ఒక రోడ్డు తల్లి పొలంలోంచి వెళ్తే ఆవిడకు నష్టపరిహారం ఇవ్వలేదని చెప్పుకునేవాడు. అదే మనిషి, పెద్ద పనులు చెడకుండా ఉండటానికి చిన్న దొంగతనాన్ని చూసీచూడనట్టు వదిలేశానని తన కాగితాల్లో మథనపడుతూ రాసుకున్నాడు. ఎంత పెద్ద పనికి ఎంత చిన్న దొంగతనం చెల్లు? నాకు తెలీదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.

మా బాబాయి విషయమూ అంతే. సర్పంచ్‌గా ఉండగా పంచాయతీ డబ్బులొస్తే ఊరంతా ముఖద్వారం కట్టమంది, దేవుడి బొమ్మలతో. ఈయన సిమెంటు కల్లం వేయించాడు, మిర్చి ఆరబోసుకోడానికి. నేల మీద ఆరబోస్తే మట్టి అంటుతుంది, మంచు పట్టి కాయ బూజెక్కుతుంది, యార్డులో తేమ పేరు చెప్పి ధర కోస్తారు. కాబట్టి పని మంచిదే. అయితే ఆ కల్లం వచ్చింది ఎక్కడ? సరిగ్గా బాబాయి పొలం గట్టు పక్కన. బండి దారి కూడా పడింది. ఊళ్ళో మాటలు రాకుండా ఎలా ఉంటాయి? నేనడిగితే, "గవర్నమెంటు పోరంబోకు అక్కడే ఉంది, నేనేం చెయ్యను," అంటాడు. పోరంబోకు ఇంకో రెండు చోట్ల కూడా ఉంది. 1988లో ఓడిపోయాడు. ఇప్పటికీ సీజన్లో ఆ కల్లం మీద ఖాళీ దొరకదు, ఆయన్ని ఓడించిన వాళ్ళ కాయ కూడా అక్కడే ఆరుతుంది. బండి దారి కూడా అలాగే ఉంది.

డెక్స్‌టర్ ఊళ్ళో దున్నే పోటీ

ఇక నా వాదనకు ఆయువుపట్టు అనుకున్న సంగతి. 1948 అధ్యక్ష ఎన్నికలు. ట్రూమన్ ఓడిపోతాడని పత్రికలన్నీ తేల్చేశాయి. షికాగో పత్రిక ఒకటి ఫలితాలు రాకముందే ప్రత్యర్థి డ్యూయీ గెలిచాడని అచ్చేసింది. గెలిచాక ట్రూమన్ ఆ పత్రికను పట్టుకుని నవ్వుతున్న ఫొటో మీరు చూసే ఉంటారు. ఆ నవ్వు వెనక ధాన్యం డబ్బాల, అంటే ఇనప గాదెల, కథ ఉంది.

అమెరికాలో అప్పటికే మద్దతు ధర ఉంది. రైతు ప్రభుత్వ సంస్థ దగ్గర ధాన్యం మీద అప్పు తీసుకోవచ్చు. ధర పెరిగితే అమ్మి అప్పు తీర్చొచ్చు, పెరక్కపోతే ధాన్యం వాళ్ళకే వదిలెయ్యొచ్చు. షరతు ఒక్కటే: ధాన్యం పద్ధతిగా నిల్వ చేసి ఉండాలి. చోటు లేదా, అప్పు లేదు. అప్పు లేదా, మద్దతు ధరా లేదు. 1948 వేసవిలో అక్కడి కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) ఆ సంస్థ చట్టాన్ని తిరగరాస్తూ, కొత్తగా నిల్వ డబ్బాలు సమకూర్చుకునే అధికారం తీసేసింది. ఆ ఏడే మొక్కజొన్న విరగపండింది. దాచుకునే చోటు లేని రైతు మార్కెట్లో దొరికిన రేటుకు తెగనమ్ముకున్నాడు. వేసవి నుంచి అక్టోబరుకల్లా ధర ఘోరంగా పడింది.

సెప్టెంబరు 18న అయోవా రాష్ట్రంలో డెక్స్‌టర్ అనే పల్లెలో జాతీయ దున్నే పోటీ. వేలాది జనం. అక్కడ ట్రూమన్ లేచి, ఈ కాంగ్రెస్ గడ్డి ఎగేసే ఇనపముళ్ళ కర్రతో రైతు వీపులో పొడిచిందన్నాడు. డబ్బాల సంగతి విడమర్చి చెప్పాడు. నవంబరులో, నాలుగేళ్ళ కిందట డ్యూయీ వైపు ఉన్న అయోవా, విస్కాన్సిన్, ఒహైయో ఈసారి ట్రూమన్‌కు వచ్చాయి.

నాకు ఈ ఘట్టం ఎంత నచ్చిందో చెప్పలేను. మన మార్కెట్ కమిటీల 'రైతుబంధు' ఇదే కదా! (తెలంగాణలో ఎకరానికింతని ఇచ్చిన పథకం గురించి కాదు, దానికి చాలా ముందు నుంచే ఉన్న సరుకు తాకట్టు పథకం గురించి అంటున్నాను.) గోదాములో చోటుంటేనే ఆ పథకం బతుకుతుంది. 2023లో క్వింటా ఇరవై వేలు దాటిన మిర్చి, 2025 ఫిబ్రవరికి ఎక్కడికి పడిందో యార్డుకు వెళ్ళిన వాళ్ళందరికీ తెలుసు. కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించింది. అంతకుముందు నెలల్లో ఎన్ని కోల్డ్ స్టోరేజీల గేట్ల ముందు ట్రాక్టర్లు రాత్రిళ్ళు నిలబడ్డాయో కూడా తెలుసు. ఆ ట్రాక్టర్ల గురించి మాట్లాడిన ఫ్లెక్సీ నేను చూడలేదు.

కానీ ఇక్కడే అనుమానం. నా పాత సహోద్యోగి ఒకాయనకు ఈ కథంతా చెప్తే, "బ్యాంకువాడివి కాబట్టి నీకు గోదామే కనపడుతుంది," అని కొట్టిపారేశాడు. "డబ్బాలు అధ్యక్షుడి పొలం అనుభవంలోంచి వచ్చాయా, లేకపోతే ఎన్నికల సలహాదారు నోట్సులోంచి వచ్చాయా?" న్యాయమైన ప్రశ్నే. ఆ చట్టం మీద సంతకం పెట్టింది ట్రూమనే. అప్పుడు ఊరుకుని, ధర పడ్డాక అరిచాడు. పైగా అయోవా రైతులు ఆ రోజుల్లో బాగానే బతుకుతున్నారు, వాళ్ళు వీపులో పొడిపించుకున్నంత దీనస్థితిలో ఏమీ లేరు.

ఆ సహోద్యోగే ఇంకో ఉదాహరణ కూడా ఇచ్చాడు. మన రైతు నాయకుడు నిడుబ్రోలు రంగాగారు. పుట్టింది రైతు ఇంట్లో, చదివింది ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం. తర్వాత పాఠాలు చెప్పారు. 1930 నుంచి చట్టసభల్లో ఉండి, నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు బడి పెట్టి, ఉమ్మడి సేద్యం వద్దని 1959లో కొత్త పార్టీలోకి వెళ్ళి, 1989లో కూడా గుంటూరు నుంచి గెలిచారు. "అరక పట్టి పదకొండేళ్ళు దున్నలేదు, అయినా రైతు గురించి ఆయనకు తెలియంది ఏముంది?" నిజమే. ఒప్పుకున్నాను. ఆయన రాజకీయాలన్నీ నాకు నచ్చవు, ముఖ్యంగా కౌలు రైతు ఊసు వాటిలో ఎక్కడుందని అడగాలనిపిస్తుంది. అయినా ఒప్పుకున్నాను. పదకొండేళ్ళ దుక్కి తప్పనిసరి అర్హతేం కాదు. మరి ఫ్లెక్సీ మీద నాగలి ఎందుకు పెట్టుకోవాలి, అర్థశాస్త్రం పుస్తకం పెట్టుకోవచ్చుగా అన్నాను. ఓట్లు పడవన్నాడు.

అంకెలు

ఇంకో ఇబ్బంది ఉంది, దాన్ని దాటేసి ఈ వ్యాసం రాయలేను. పొలం, సైన్యం, అప్పులు, ఇన్ని చూసిన మనిషి 1945 ఏప్రిల్ 12న అధ్యక్షుడయ్యాడు. నాలుగు నెలలు తిరక్కుండా ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ ఏడాది చివరికి ఒక్క హిరోషిమాలోనే సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా. ఆ నిర్ణయం గురించి తనకు నిద్రపట్టకపోవడం ఏమీ లేదని ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు.

తన బ్యాటరీ కుర్రాళ్ళ కోసం అంతగా తపించినవాడు, దూడ కాలు విరగ్గొట్టినా దాన్ని పెంచినవాడు ఇలా ఎలా అనగలిగాడు? చాలా రోజులు దీనికి జవాబు బాబాయి మాటల్లోనే వెతుక్కున్నాను. గన్ను మీదున్న వాళ్ళే లోకం, అవతల అంకెలు. ట్రూమన్‌కి 1945లో గన్ను మీదున్న వాళ్ళు జపాను తీరంలో దిగాల్సిన అమెరికా సైనికులు. మిగతావి అంకెలు. అయితే నాగసాకి మర్నాడు, ఆగస్టు 10న, తన అనుమతి లేకుండా ఇంకో బాంబు వెయ్యొద్దని ఆపాడు. ఇంకో లక్ష మందిని చంపడమనే ఆలోచనే భయంకరంగా ఉందని మంత్రులతో అన్నట్టు అక్కడ కూర్చున్న మంత్రి ఒకరు రాసుకున్నారు. అంటే అంకెలు మనుషులుగా కనపడ్డాయి, కాకపోతే నాలుగు రోజులు ఆలస్యంగా.

మన వైపు చూపు ఎలా ఉండేది? 1951లో మన దేశం ఇరవై లక్షల టన్నుల ధాన్యం అడిగింది. ట్రూమన్ ఇవ్వమన్నాడు. నెహ్రూ విదేశాంగ విధానం మీద కోపంతో అక్కడి కాంగ్రెస్ నెలల తరబడి సాగదీసింది. ఉచితంగా ఇద్దామన్నది కాస్తా 19 కోట్ల డాలర్ల అప్పుగా తేలింది. జూన్ 15న సంతకమైంది. మా నానమ్మ చెప్పే 'అమెరికా గోధుమలు' ఇవేనని ఎగిరి గంతేశాను గానీ, ఆవిడ చెప్పిన కాలాన్ని బట్టి చూస్తే అవి బహుశా తర్వాత పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద వచ్చిన గోధుమలు. వాటికి ట్రూమన్‌తో సంబంధం లేదు.

కాబట్టి నా పాత చిరాకు అలాగే ఉంది గానీ కొంచెం చోటు మారింది. పొలం నుంచి వచ్చాడా అని అడగడం మానేశాను. వచ్చినా తన గట్టు వరకే చూపు ఆగిపోవచ్చు, మా బాబాయి కల్లంలాగా. ఈసారి ఎవరైనా రైతు బిడ్డ మా వీధికి వస్తే ఒక్కటే అడుగుతాను: మార్చిలో కాయ తెచ్చిన కౌలు రైతుకు, పొలం పట్టా తన పేరున లేనివాడికి, మీ హయాంలో ఎన్ని టిక్కీలు దాచుకునే చోటు వస్తుంది, బాండు ఎవరి పేరున ఇస్తారు?

మొన్న ఊరెళ్ళినప్పుడు బాబాయికి ఆ డబ్బాల గురించి చెప్పాను. ఎనభై దాటాయి, చెవులు సరిగ్గా వినపడవు, రెండుసార్లు చెప్పాలి. కాన్సాస్ రోడ్ల పక్కన నేను తీసిన ఫొటోలు ఫోన్లో పెద్దవి చేసి చూపించాను. గుండ్రటి ఇనప గాదెలు, పైన శంఖంలాంటి మూత, వరసగా ఆరు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఎలుకలు దూరవా?" అన్నాడు.

దూరవనుకుంటాను బాబాయ్ అన్నాను.

"అనుకోవడమేంటి, అంత దూరం వెళ్ళి అడగలేదూ?"